ఫ్లష్ బలంగా రావడం లేదా? లోపం ఎక్కడుందో తేల్చుకుని సరిచేసే పూర్తి పద్ధతి

ఒక్కసారి నొక్కితే పోవాల్సింది రెండు మూడుసార్లు నొక్కినా పోవడం లేదంటే లోపం నాలుగింట్లో ఏదో ఒక చోట ఉంటుంది. ట్యాంకులో నీళ్లు చాలకపోవచ్చు. చాలినన్ని ఉన్నా అవి ఒక్కసారిగా దిగకపోవచ్చు. దిగిన నీళ్లకు కమోడ్ అంచు కింది రంధ్రాల దగ్గర గార, అంటే నీళ్లలోని సున్నం పేరుకున్న పొర, అడ్డం పడవచ్చు. లేదా కమోడ్ నుంచి బయటికి పోయే దారి ఇరుకైపోయి ఉండవచ్చు.

చాలామంది వీటిలో ఏదన్నది చూడకుండానే యాసిడ్ సీసా అందుకుంటారు. ఇంకొందరు ట్యాంకు లోపలి సామానంతా మార్పించేస్తారు. అడ్డు కింది పైపులో ఉంటే ఈ రెండూ దండగే. అందుకే ఇక్కడ రెండో భాగం, అంటే పరీక్షలు, అన్నిటికన్నా ముఖ్యం. అది దాటేసి నేరుగా రిపేరుకు దిగకండి. అరగంటలో లోపం ఏ వైపుందో తెలిసిపోతుంది, చాలాసార్లు పైసా సామాను కొనకుండానే పని అయిపోతుంది.

1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- రబ్బరు గ్లౌజులు, పాత బట్టలు, బకెట్, కొలత గీతలున్న మగ్గు
- టార్చి లైటు, చేతిలో పట్టే చిన్న అద్దం
- స్క్రూడ్రైవరు, సర్దుకునే పానా
- ప్లాస్టిక్ తొడుగున్న గట్టి తీగ, పాత టూత్‌బ్రష్
- నీళ్లతో చెరిగిపోయే స్కెచ్ పెన్
- కమోడ్‌కు పనికొచ్చే ప్లంజర్. కింద రబ్బరు అంచు గొట్టంలా సాగి ఉండేది కావాలి. సింకుకు వాడే చదునైన కప్పు కమోడ్ రంధ్రం మీద సరిగా కూర్చోదు.
- వెనిగర్ రెండు లీటర్లు, లేదా నిమ్మ ఉప్పు 200 గ్రాములు

ట్యాంకు పక్కన గోడకున్న యాంగిల్ కాక్‌ను, అంటే ట్యాంకుకు నీళ్లు కట్టే చిన్న కుళాయిని, ఒకసారి మూసి, తెరిచి చూడండి. ఏళ్ల తరబడి కదిలించనిది బిగుసుకుపోయి ఉంటుంది. దాన్ని పానాతో బలవంతంగా తిప్పితే కాడ విరిగి బాత్రూం నిండా నీళ్లవుతాయి. తిరగకపోతే వదిలేసి, పై ట్యాంకు నుంచి వచ్చే ప్రధాన వాల్వు కట్టేసి పని చేయండి.

పింగాణీ మూతను రెండు చేతులతో నిలువుగా ఎత్తి, నేల మీద మడతపెట్టిన గుడ్డ పరిచి దాని మీద పెట్టండి. కమోడ్ మీదో వాష్ బేసిన్ మీదో పెట్టొద్దు. మూత మధ్యలో బటన్ ఉంటే, ఎక్కువ రకాల్లో ఆ బటన్ చుట్టూ ఉన్న రింగు మూతను పట్టి ఉంచుతుంది. ముందు దాన్ని ఎడమ వైపుకి తిప్పి ఊడదీయాలి. కేబుల్‌తో పనిచేసే రకమైతే మూతను ఒక్కసారిగా లాగేయకండి, తీగ ఊడిపోతుంది.

2. లోపం ఎక్కడుందో తేల్చే పరీక్షలు

ఈ నాలుగూ వరసగా చేయండి. ఏ పరీక్షలో ఏం కనబడిందో రాసుకుంటే ఇంకా మంచిది.

2.1 మూత తీసి ఫ్లష్ చేయడం. ట్యాంకు పూర్తిగా నిండేదాకా ఆగండి. నీటి మట్టం ఓవర్‌ఫ్లో గొట్టం (మట్టం ఎక్కువైతే నీళ్లను కమోడ్‌లోకి దించే నిలువు గొట్టం) పై అంచుకు ఎంత కిందుందో చూడండి. సుమారు రెండున్నర సెంటీమీటర్ల కింద ఉండాలి. లోపలి గోడ మీద మట్టం గీత ఉంటే అదే ప్రమాణం. ఇప్పుడు మామూలుగా ఒక్కసారి నొక్కి వదిలేసి, నీళ్లు ఎంతవరకు దిగి ఆగాయో గమనించండి. మామూలుగా నాలుగైదు సెకన్లలో దిగిపోతాయి. అడుగున కాసిని నీళ్లు మిగలడం చాలా ట్యాంకుల్లో సహజమే. సగం ట్యాంకు ఉండగానే ఆగిపోతే మాత్రం లోపమే.

2.2 నొక్కి పట్టుకోవడం. ట్యాంకు మళ్లీ నిండాక ఈసారి బటన్‌ను లేదా పిడిని నీళ్లన్నీ దిగేదాకా పట్టి ఉంచండి. అలా పట్టుకున్నప్పుడు ఫ్లష్ బలంగా వస్తే పైపులు బాగున్నట్టే. ట్యాంకు అడుగున నీళ్లను ఆపే మూత తొందరగా పడిపోతోంది, అంతే. నేరుగా 4వ భాగానికి వెళ్లండి.

2.3 బకెట్ పరీక్ష. ట్యాంకు ఎన్ని లీటర్లదో అన్ని నీళ్లే బకెట్‌లో తీసుకోండి, ఎక్కువ వద్దు. ఈ అంకె మూత కిందో, ట్యాంకు లోపలి గోడ మీదో, సీటు వెనక పింగాణీ మీదో ఉంటుంది. రెండు బటన్లున్న వాటిలో 6/3, 4.5/3 లాంటివి కనబడతాయి. ముందు ఒక మగ్గు పోసి మట్టం పైకి లేచి నిలిచిపోవడం లేదని నిర్ధారించుకోండి. తర్వాత మిగతాదంతా నడుము ఎత్తు నుంచి, అడుగు రంధ్రం వైపుగా రెండు మూడు సెకన్లలో కుమ్మరించండి.

- నీళ్లు సాఫీగా లాక్కుపోతే బయటి దారి బాగుంది. లోపం ట్యాంకులోనో అంచు రంధ్రాల్లోనో ఉంది.
- మట్టం పైకి లేచి మెల్లగా దిగితే అడ్డు కమోడ్ లోపలి వంపులోనో, ఆ తర్వాతి పైపులోనో ఉంది.
- బాగా పోయినా గుడగుడమని చప్పుడొస్తే గాలి పైపును, అంటే మురుగు పైపుకు గాలి అందేలా డాబా మీదికి పోయే పైపును, అనుమానించండి (7వ భాగం).

పది పన్నెండు లీటర్ల బకెట్ నిండా పోసి 'బాగానే పోతోంది' అనుకోవడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. అంత నీటి ఒత్తిడికి సగం మూసుకున్న దారి కూడా తెరుచుకున్నట్టే కనబడుతుంది.

2.4 అసలు ఎన్ని నీళ్లు దిగుతున్నాయో కొలవడం. యాంగిల్ కాక్ కట్టేసి ఒకసారి పూర్తి ఫ్లష్ చేయండి. తర్వాత మగ్గుతో కొలుస్తూ ట్యాంకును మామూలు మట్టం వరకు నింపండి. ఎన్ని లీటర్లు పట్టిందో అదే మీ ఫ్లష్ పరిమాణం. ఆరు లీటర్ల ట్యాంకులో మూడున్నరో నాలుగో పట్టిందంటే, ఇక కమోడ్ వైపు చూడనక్కర్లేదు, లోపం ట్యాంకులోనే ఉంది.

ఇంకో మాట. కమోడ్‌లు ప్రధానంగా రెండు రకాలు. ఒక రకంలో నీటి ఉపరితలం వెడల్పుగా ఉండి, ఫ్లష్ చేయగానే సుడి తిరిగి గటుక్కున పీల్చుకుంటుంది. వీటిలో చాలావాటికి అడుగున ముందు వైపు విడిగా ఒక రంధ్రం కూడా ఉంటుంది. రెండో రకంలో అడుగున చిన్న నీటి మడుగే ఉంటుంది. పై నుంచి పడే నీటి తోపుతోనే అంతా పోతుంది, పీల్చుకోవడం ఉండదు. మీది రెండో రకమైతే పీల్చే చప్పుడు రావడం లేదని కంగారుపడొద్దు.

3. ట్యాంకులో నీటి మట్టం తక్కువగా ఉంటే

3.1 ట్యాంకులో ఇటుకో నీళ్ల సీసానో పెట్టి ఉంటే ముందు తీసేయండి. నీళ్లు ఆదా అవుతాయని పెడతారు గానీ, రెండోసారి ఫ్లష్ చేయాల్సి వస్తే ఆదా ఎక్కడిది?

3.2 యాంగిల్ కాక్ పూర్తిగా తెరిచి ఉందో లేదో చూడండి.

3.3 ఫ్లోట్, అంటే ట్యాంకు నిండగానే పైకి తేలి నీళ్లొచ్చే వాల్వును మూసే భాగం, సర్దండి. ఇత్తడి కడ్డీకి బంతి ఉన్న పాత రకమైతే కడ్డీని మధ్యలో పట్టుకుని కాస్త పైకి వంచాలి. నిలువు రకానికి పక్కన పొడవాటి స్క్రూ ఉంటుంది, లేదా ఫ్లోట్‌ను పట్టి ఉంచే క్లిప్పు ఉంటుంది. స్క్రూను ఒకటి రెండు చుట్లు తిప్పి, ట్యాంకు నిండేదాకా చూసి, మళ్లీ సర్దండి. మట్టం ఓవర్‌ఫ్లో అంచు దాకా వస్తే నీళ్లు నిరంతరం కమోడ్‌లోకి కారిపోతూనే ఉంటాయి కాబట్టి ఆ రెండున్నర సెంటీమీటర్ల ఖాళీ తప్పనిసరి.

3.4 బంతిని ఊపి చూడండి. లోపల నీళ్ల చప్పుడు వినబడితే చిల్లుపడింది, మార్చాలి.

3.5 ట్యాంకు సన్నగా, చాలాసేపు నిండుతుంటే నీళ్లొచ్చే వాల్వులో ఇసుకో తుప్పు రజనో చేరింది. కాక్ కట్టేసి, కనెక్షన్ పైపు ఊడదీసి, దాని కొనలోనో వాల్వు కాడలోనో ఉన్న జల్లెడను కడగండి. తర్వాత వాల్వు తల మీది టోపీని పావు చుట్టు తిప్పి తీసి, లోపలి రబ్బరు వాషర్ బయటికి తీయండి. కనెక్షన్ పైపు మళ్లీ తగిలించి, వాల్వు నోటి మీద ఒక గ్లాసు బోర్లించి పట్టుకుని, కాక్‌ను కొన్ని సెకన్లు తెరవండి. చెత్తంతా కొట్టుకొస్తుంది. గ్లాసు లేకపోతే నీళ్లు పైకప్పు దాకా చిమ్ముతాయి. వాషర్ గట్టిపడినా, గాటు పడినా కొత్తది వేయండి.

కనెక్షన్ పైపు కొనలో రబ్బరు వాషర్ ఉంటుంది కనుక దానికి టెఫ్లాన్ టేపు అక్కర్లేదు. చేత్తో బిగించి, పైన పావు చుట్టు చాలు. ఇంకా బిగిస్తే ప్లాస్టిక్ నట్టు చీలుతుంది.

3.6 మట్టం సరిగానే నిండి, కాసేపటికి తగ్గిపోతోందా? ట్యాంకు అడుగు రంధ్రాన్ని మూసే రబ్బరు సీలు దగ్గర కారుతోంది. ట్యాంకులో కొంచెం సిరా గానీ తినే రంగు గానీ కలిపి, అరగంట పాటు ఫ్లష్ చేయకుండా వదిలేయండి. కమోడ్ నీళ్లకు రంగు వస్తే సీలు పోయినట్టే, 4వ భాగం చూడండి.

4. నీళ్లున్నా ఒక్కసారిగా దిగకపోతే

4.1 గొలుసుతో లేచే రబ్బరు ఫ్లాపర్, అంటే ట్యాంకు అడుగు రంధ్రం మీద కూర్చునే మూత. గొలుసు మరీ వదులైతే ఫ్లాపర్ సగమే లేచి వెంటనే పడిపోతుంది. మరీ బిగువైతే పూర్తిగా మూసుకోక నీళ్లు కారిపోతాయి. పిడి వదిలేసినప్పుడు గొలుసులో ఒక సెంటీమీటరు వదులుండాలి. మిగిలిన గొలుసు కొసను కత్తిరించేయండి, లేకపోతే అది ఫ్లాపర్ కిందకి చేరి మూతపడనివ్వదు.

ఫ్లాపర్‌ను వేళ్లతో నొక్కి చూడండి. మెత్తగా ఉండాలి. గట్టిపడితే, వంకర పోతే, వేలికి నల్లగా మసి అంటితే మార్చేయండి. ట్యాంకులో వేసే క్లోరిన్ బిళ్లలు రబ్బరును తొందరగా పాడుచేస్తాయి, కొత్తది వేశాక వాటిని మానేయండి. కొనేముందు అడుగు రంధ్రం వ్యాసం కొలవండి. రెండు అంగుళాల రంధ్రానికి మూడు అంగుళాల ఫ్లాపర్ కూర్చోదు. ఫ్లాపర్ మీద తిప్పే చక్రం ఉంటే, ఒక్కో గీత జరుపుతూ ఎక్కడ పెడితే ఎక్కువ నీళ్లు దిగుతాయో 2.4 కొలతతో తేల్చుకోండి.

4.2 రెండు బటన్ల టవర్ వాల్వు, అంటే ట్యాంకు అడుగు రంధ్రం మీద నిలువుగా నిలబడి, బటన్ నొక్కితే లేచే వాల్వు. ఇక్కడ అందరికీ తప్పిపోయే కారణం ఒకటుంది. మూత తీసి మళ్లీ పెట్టేటప్పుడు బటన్ అటూ ఇటూ తారుమారు అవుతుంది. అప్పుడు పెద్ద బటన్ నొక్కినా సగం ఫ్లషే వస్తుంది. మూత తీసి, బటన్ల కింద ఉండే ఒక్కో కడ్డీని వేలితో విడివిడిగా నొక్కి, దేనికి ఎక్కువ నీళ్లు దిగుతున్నాయో చూస్తే నిమిషంలో తెలిసిపోతుంది.

తర్వాత కడ్డీల పొడవు. పొట్టిగా ఉంటే బటన్ పూర్తిగా నొక్కినా వాల్వు సగమే లేస్తుంది. పొడవైతే మూత పెట్టగానే వాల్వు మీద భారం పడి నీళ్లు కారుతూనే ఉంటాయి. బటన్ అడుక్కీ కడ్డీ కొసకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉండేలా తిప్పి సర్దండి.

టవర్ పక్కన జారే చిన్న ఫ్లోటు, దాని పక్కన గీతలు ఉంటాయి. దిగే నీళ్ల పరిమాణం వాటితో మారుతుంది. ఒక్కో గీత జరిపి కొలవండి.

ఇవన్నీ సరిగానే ఉండి ఇంకా కారుతుంటే కాక్ కట్టేసి, ట్యాంకు ఖాళీ చేసి, టవర్‌ను పట్టుకుని ఎడమకు పావు చుట్టు తిప్పి పైకి లాగండి. అడుగున ఉంగరంలా ఉన్న సీలు మీద గాడి పడిందా, గార అంటిందా చూడండి. అది కూర్చునే చోట వేలు పెట్టి చుట్టూ తడమండి, గరుకు తగిలితే మెత్తటి పీచుతో రుద్దండి. గరుకు కాగితం వాడితే గీతలు పడి ఇంకా ఎక్కువ కారుతుంది. కొత్త సీలు కొనడానికి వెళ్లేటప్పుడు పాతదాన్ని చేతిలో పట్టుకెళ్లండి.

4.3 పక్కన పిడి ఉన్న ప్లాస్టిక్ సైఫన్ ట్యాంకు. ఇందులో పిడి కొడితే సైఫన్ అనే వంపు గొట్టం నీళ్లను పైకెత్తి కిందికి లాగుతుంది. నాలుగైదుసార్లు పిడి కొడితే గానీ నీళ్లు అందుకోవడం లేదంటే, సైఫన్ లోపలి పలుచటి ప్లాస్టిక్ డయాఫ్రం చిరిగి ఉంటుంది. ముందు నీటి మట్టం గీత దాకా ఉందో లేదో చూడండి, తక్కువ మట్టమున్నా ఇదే లక్షణం కనబడుతుంది. మట్టం సరిగా ఉంటే ట్యాంకు ఖాళీ చేసి, కింద బకెట్ పెట్టి, ఫ్లష్ పైపు నట్టూ సైఫన్ నట్టూ విప్పి, సైఫన్‌ను బయటికి తీసి అదే కొలత డయాఫ్రం వేయండి.

5. అంచు రంధ్రాలకు గార పడితే

బోరు నీళ్లు, సున్నం ఎక్కువున్న నీళ్లు వాడే ఇళ్లలో ఇదే ప్రధాన కారణం. రోజురోజుకీ కొంచెం కొంచెం మూసుకుంటుంది కాబట్టి ఎవరూ గమనించరు. ఉన్నట్టుండి బలహీనపడిన ఫ్లష్‌కు అడ్డు కారణమైతే, నెలల తరబడి మెల్లగా తగ్గుతూ వచ్చిన ఫ్లష్‌కు దాదాపు ఎప్పుడూ గారే కారణం.

5.1 సిరా గీత పరీక్ష. బౌల్ (కమోడ్ గిన్నె భాగం) లోపలి గోడను పొడి గుడ్డతో తుడవండి. అంచుకు రెండున్నర సెంటీమీటర్ల కింద చుట్టూ స్కెచ్ పెన్‌తో ఒక గీత గీసి ఫ్లష్ చేయండి. కమోడ్‌ల నాణ్యత పరీక్షల్లో కూడా ఈ పద్ధతి ఉంది. గీత ఎక్కడ చెరగకుండా మిగిలిందో ఆ పైనున్న రంధ్రాలు మూసుకున్నట్టు. అద్దం, టార్చి పట్టుకుని చూస్తే ఆ రంధ్రాల నోటి దగ్గర పచ్చగానో గోధుమ రంగులోనో పొర కనబడుతుంది.

5.2 గార నానబెట్టడం. వెనిగర్‌ను గానీ, లీటరుకు 100 గ్రాముల చొప్పున కలిపిన నిమ్మ ఉప్పు నీళ్లను గానీ చెయ్యి కాలనంత వేడి చేయండి. మరిగే నీళ్లు పోస్తే పింగాణీ పగలవచ్చు.

- కాక్ కట్టేసి ఫ్లష్ చేయండి. అంచులోని నీళ్లన్నీ దిగిపోవాలి.
- టిష్యూ కాగితాన్ని తాడులా పేని, ద్రావణంలో ముంచి, అంచు కింద రంధ్రాలకు ఆనేలా చుట్టూ కుక్కండి.
- ఇప్పుడు ఒక లీటరు ద్రావణాన్ని ఓవర్‌ఫ్లో గొట్టంలోకి మెల్లగా పోయండి. టవర్ రకంలో టవర్ పైన తెరిచి ఉన్న గొట్టమే అది. ఆ గొట్టం నేరుగా అంచులోకి దారి తీస్తుంది కనుక ట్యాంకు సామానుకు ఇబ్బంది లేదు.
- రాత్రంతా వదిలేయండి.

టిష్యూ కుక్కకుండా ఉత్తినే పోస్తే ద్రావణం తెరిచి ఉన్న రంధ్రాల్లోంచి నిమిషంలో కారిపోతుంది, మూసుకున్న వాటి దగ్గర నిలవదు. 'వెనిగర్ పోశాం, ఏమీ మారలేదు' అనేవాళ్లలో ఎక్కువమంది విషయంలో జరిగేది ఇదే.

5.3 తీగతో తెరవడం. టిష్యూలన్నీ చేత్తో తీసి చెత్తబుట్టలో వేయండి, ఫ్లష్ చేయొద్దు. తొడుగున్న తీగను ఒక్కో రంధ్రంలోకి దూర్చి మెల్లగా తిప్పండి. కొన్ని కమోడ్‌లలో నీళ్లు సుడి తిరగడానికి రంధ్రాలు ఏటవాలుగా ఉంటాయి, తీగ కూడా అదే వాలులో పోవాలి. రాలిన గార పెంకులు బౌల్‌లో కనబడతాయి. పెద్ద పెంకులుంటే ఏరేసి, తర్వాత కాక్ తెరిచి రెండు మూడుసార్లు ఫ్లష్ చేయండి. ఆపైన మళ్లీ సిరా గీత గీసి చూడండి. ఇంకా మిగిలితే మరో రాత్రి నానబెట్టాలి. ఏళ్ల గార ఒక్క రాత్రికి పోదు.

5.4 అడుగు రంధ్రం. పీల్చుకునే రకం కమోడ్‌లో అడుగున ముందు వైపు ఉండే రంధ్రమే సగం బలం. గ్లౌజు వేసుకున్న వేలితో అంచు తడమండి, గరుకుగా ఉంటే గార ఉంది. ముందు బౌల్‌లోని నీళ్లను మగ్గుతో, స్పాంజితో ఎత్తిపోయండి. లేకపోతే ద్రావణం పలచబడి పనిచేయదు. రంధ్రం మునిగేదాకా వేడి ద్రావణం పోసి రాత్రంతా ఉంచి, ఉదయం వంచిన తీగతో గీకండి.

అంచు మడత లేని కొత్త రకాల్లో ఈ రంధ్రాలుండవు. వెనక నీళ్లు చీలి రెండు వైపులకూ పోయే సందు ఒకటే ఉంటుంది, అక్కడ టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలు.

యాసిడ్ సంగతి. నిమ్మ ఉప్పుకు లొంగని గారకు బలమైన టాయిలెట్ యాసిడ్ వాడతారు. దాన్ని బౌల్‌లోనే, సీసా మీద రాసినట్టే, కిటికీ తెరిచి, కళ్లకు అద్దాలు పెట్టుకుని వాడాలి. ట్యాంకులో ఎప్పుడూ పోయొద్దు, లోహపు బోల్టులూ రబ్బర్లూ తినేస్తుంది. బ్లీచింగ్ కలిసిన క్లీనర్ వాడిన బౌల్‌లో యాసిడ్ గానీ, వెనిగర్ గానీ, నిమ్మ ఉప్పు గానీ పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసి ఉన్న బాత్రూంలో అది ప్రాణాంతకం. ఒకటి వాడిన తర్వాత నాలుగైదుసార్లు ఫ్లష్ చేసి, రెండోదాన్ని మరో రోజుకు వాయిదా వేయండి.

6. కమోడ్ లోపలి వంపులో అడ్డు

బకెట్ నీళ్లు మెల్లగా దిగాయంటే ముందుగా ఇక్కడే చూడాలి. కమోడ్ లోపలే పైకి లేచి కిందకి వంగే దారిని ప్లంబర్లు ట్రాప్ అంటారు. అడ్డు ఎక్కువగా ఆ వంపు మొదట్లోనే తగులుకుంటుంది.

6.1 ప్లంజర్.

- రబ్బరు కప్పు మునిగేలా నీళ్లుండాలి, తక్కువైతే మగ్గుతో పోయండి.
- ప్లంజర్‌ను ఏటవాలుగా ముంచి కప్పులోని గాలి పోనిచ్చి, రంధ్రం మీద నిలువుగా కూర్చోబెట్టండి.
- మొదటి తోపు మెల్లగా ఉండాలి, లేకపోతే మురికి నీళ్లు మొహాన చిందుతాయి.
- ఆ తర్వాత కప్పు కదలకుండా 15 నుంచి 20 సార్లు తోస్తూ లాగండి. తోయడం కన్నా లాగడమే ముఖ్యం.
- మట్టం ఒక్కసారిగా పడిపోతే దారి తెరుచుకుంది. బకెట్ పరీక్ష మళ్లీ చేయండి.

6.2 సబ్బు నీళ్లు. టిష్యూ ఎక్కువ పడి ఇరుక్కుంటే గిన్నెల సబ్బు ద్రవం అర కప్పు పోసి, చెయ్యి పెట్టగలిగినంత వేడి నీళ్లు రెండు మూడు లీటర్లు పోసి అరగంట ఆగి, తర్వాత ప్లంజర్ వాడండి. తడి వైప్స్, డైపర్లు, శానిటరీ ప్యాడ్లు ఏ సబ్బుకూ కరగవు.

6.3 తిప్పే స్ప్రింగు తీగ. కమోడ్ కోసమే చేసిన దానికి కొసన వంపు దగ్గర రబ్బరు తొడుగు, మీటరు దాకా స్ప్రింగు ఉంటాయి. తొడుగును రంధ్రం లోపలి వంపుకు ఆనించి, పిడిని కుడివైపుకి తిప్పుతూ నెట్టండి. ఏదైనా తగిలితే బలంగా తోయకండి. తిప్పుతూ వెనక్కి లాగితే కొక్కేనికి చిక్కుకుని వస్తుంది. ఇనుప కడ్డీలు వాడితే పింగాణీ మెరుపు పొర లేచిపోయి, ఆ గీతల్లో మురికి పట్టుకుంటుంది.

6.4 గట్టి వస్తువు. నీళ్లు పోతాయి గానీ మలం, కాగితం ఆగుతాయి. ప్లంజర్ కొట్టిన రోజు బాగుండి మర్నాటికి మళ్లీ మొదటికొస్తుంది. ఈ రెండు లక్షణాలు కలిసి ఉంటే లోపల టూత్‌బ్రష్షో, దువ్వెనో, బొమ్మో, సీసా మూతో అడ్డంగా నిలిచిందని అర్థం. ఇంకా ప్లంజర్ కొడితే అది లోతుకు పోతుంది. స్ప్రింగు తీగకు రాకపోతే కమోడ్ విప్పి కింది నుంచి తీయాల్సిందే, ఆ పని ప్లంబర్‌కు వదిలేయండి. కమోడ్ తిరిగి కూర్చోబెట్టేటప్పుడు కింది సీలు కొత్తది వేయించుకోండి.

7. కింది పైపు, గాలి పైపు, ఛాంబర్

కమోడ్ ఫ్లష్ చేస్తే బాత్రూం నేల జాలీలో నీళ్లు పైకొస్తున్నాయా? ఇంకో గదిలోని కమోడ్ కూడా మెల్లగానే పోతోందా? అయితే అడ్డు మీ కమోడ్‌లో లేదు.

బయటి ఛాంబర్ (మురుగు పైపులు కలిసే చిన్న తొట్టి) మూత తీయించి, కాసేపు దూరంగా ఉండి గాలి పోనివ్వండి. దగ్గర్లో నిప్పు, సిగరెట్ ఉండకూడదు. లోపల ఒకరు ఫ్లష్ చేస్తుంటే బయట ఇంకొకరు చూడాలి.

- ఛాంబర్ ఖాళీగా ఉండి నీళ్లు రాకపోతే, లేదా సన్నగా వస్తే అడ్డు కమోడ్‌కీ ఛాంబర్‌కీ మధ్య ఉంది.
- ఛాంబర్ నిండి ఉంటే అడ్డు దాని తర్వాత ఉంది, లేదా సెప్టిక్ ట్యాంకు నిండింది.
- నీళ్లు ఉరవడిగా వచ్చి పోతుంటే లైను బాగుంది. మళ్లీ 5, 6 భాగాలు చూడండి.

ఛాంబర్ నుంచి వెనక్కి పొడవాటి రాడ్లు తోసి అడ్డు తీయవచ్చు. సెప్టిక్ ట్యాంకులోకి మాత్రం ఎవరూ దిగకూడదు, తల కూడా పెట్టకూడదు. అందులోని వాయువులకు మనిషి క్షణాల్లో స్పృహ తప్పుతాడు, కాపాడబోయిన వాళ్లూ పోతారు. యంత్రంతో తోడించడమే దారి.

గాలి పైపు మూసుకుంటే కమోడ్ గుడగుడమంటుంది, ఫ్లష్ తర్వాత బౌల్‌లో మట్టం మామూలుకన్నా కిందికి పోతుంది, బాత్రూంలో వాసన వస్తుంది. డాబా మీద ఆ పైపు నోటిని చూడండి. పిట్ట గూడు, ఆకులు, దుమ్ముతో పూడిన దోమల జాలీ దొరుకుతాయి. చెత్త తీసి, పై నుంచి నీళ్లు పోయండి. నీళ్లు వెనక్కి ఎగదన్నితే లోపల ఇంకా అడ్డుంది. కప్పు ఏటవాలుగా ఉంటే మీరు ఎక్కొద్దు.

కొత్తగా కట్టిన ఇంట్లో మొదటి రోజు నుంచే ఇలా ఉంటే పైపు వాలు చూడాలి. 100, 110 మిల్లీమీటర్ల పైపుకు మీటరుకు సుమారు రెండు నుంచి రెండున్నర సెంటీమీటర్ల వాలు ఉండాలి.

8. గోడలోపలి ట్యాంకు, కింద కూర్చునే పాన్

గోడలో దాచిన ట్యాంకులో కూడా ఉండేవి అవే భాగాలు. బటన్ పలకను కింది నుంచి పైకి జరిపితేనో, పక్క స్క్రూ విప్పితేనో ఊడి వస్తుంది. నీళ్లు కట్టే చిన్న వాల్వు ఆ రంధ్రం లోపలే ఉంటుంది. ఏది ఏ వరసలో తీశారో ఫోనులో ఫొటోలు తీసుకుంటూ వెళ్లండి, తిరిగి బిగించేటప్పుడు కష్టం ఉండదు.

కింద కూర్చునే పాన్‌కు ట్యాంకు విడిగా ఉంటుంది కనుక మధ్యలోని ఫ్లష్ పైపును తప్పక చూడాలి. ఎత్తున పెట్టిన ట్యాంకుకు 32 మిల్లీమీటర్ల పైపు సరిపోతుంది. కిందికి పెట్టిన ట్యాంకుకు ఎత్తు బలం ఉండదు కాబట్టి 40 మిల్లీమీటర్ల దాకా వెడల్పు కావాలి. సన్న పైపు వేసి ఉంటే ఎన్ని వాల్వులు మార్చినా లాభం లేదు. పాన్ వెనక రబ్బరు జాయింటు దగ్గర పైపు మరీ లోపలికి దూరి అంచు దారిని మూసేస్తున్నా ఫ్లష్ నీరసంగానే వస్తుంది. ఒక సెంటీమీటరు వెనక్కి లాగి చూడండి.

9. అంతా అయ్యాక చివరి తనిఖీ

- 2.4 కొలతలో ట్యాంకు మీద రాసిన లీటర్లకు దగ్గరగా దిగుతున్నాయా?
- సిరా గీత చుట్టూ చెరిగిందా?
- ఆరు టిష్యూ ముక్కలు వదులుగా ఉండలు చేసి వేస్తే ఒక్క ఫ్లష్‌లో పోయాయా? వరసగా మూడుసార్లు చూడండి.
- పీల్చుకునే రకంలో ఓవర్‌ఫ్లో గొట్టానికి క్లిప్పుతో ఉండే సన్నటి గొట్టం దాని నోట్లోకే నీళ్లు పోస్తోందా? అది ట్యాంకులోకి జారిపోతే బౌల్‌లో మట్టం తగ్గి, తర్వాతి ఫ్లష్ మళ్లీ నీరసపడుతుంది.
- నట్ల కింద పొడి టిష్యూ ఆనిస్తే తడి అంటకుండా ఉందా?
- మూత పెట్టాక నీళ్ల చప్పుడు ఆగిందా?

ఇన్నీ సరిగా ఉండి కూడా ఫ్లష్ చాలకపోతే, బౌల్‌కూ ట్యాంకుకూ పొత్తు కుదరలేదు. పది లీటర్లకు పైగా నీళ్లతో పనిచేసేలా చేసిన పాత బౌల్‌కు ఆరు లీటర్ల కొత్త ట్యాంకు తగిలిస్తే ఇలాగే ఉంటుంది. రెండింటి మీదా రాసిన అంకెలు చూసి, బౌల్‌కు సరిపడే ట్యాంకు గానీ, ఆరు లీటర్లకు చేసిన బౌల్ గానీ మార్చుకోవాలి.